ఒకే గ్రూపులో నాలుగు ఏజెంట్లు: పని ఎవరిదో తేలేది ఎలా?

ప్రశ్న: తీగలాగితే

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పెద్దది, ఓపికగా చదవమని మనవి.

రక్తదాతల వివరాలు నమోదు చేసే ఒక వెబ్ అప్లికేషన్‌ను ఏడాదిగా ఒక్కడినే రాస్తున్నాను. వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే జాంగో, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రక్తం అవసరమైనప్పుడు వాలంటీరు తెర మీద మొట్టమొదట చూసేది ఒకే ఒక్క తేదీ: ఈ దాత మళ్లీ ఎప్పటి నుంచి రక్తం ఇవ్వవచ్చు అన్నది. ఆ తేదీ తప్పితే మిగతాదంతా ఎంత బాగున్నా వృథాయే. నా బాధంతా ఆ తేదీ గురించే.

రెండు నెలల కిందట పని వేగంగా సాగాలని కోడు రాసే ఏఐ ఏజెంట్లను (చెప్పిన పనిని తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాములను) నాలుగింటిని పెట్టుకున్నాను. వాటినీ నన్నూ కలిపి ఒకే గ్రూపు. ఎవరు ఏమి రాసినా అందరికీ కనిపిస్తుంది, కొత్త సందేశం రాగానే నాలుగూ మేలుకుంటాయి. డేటాబేస్ చూసేదానికి ‘పునాది’, పేజీలు తయారుచేసేదానికి ‘తెర’, టెస్టులు రాసేదానికి ‘పరీక్ష’, కోడు చదివి ఆమోదించేదానికి ‘సమీక్ష’ అని పేర్లు పెట్టాను. నాలుగూ పనిచేసేది ఒకే ఫోల్డరులో. మొదటి వారం పని పరుగులు పెట్టింది.

పోయిన వారం జరిగింది ఇది. తెల్లవారుజామున నమోదైన రక్తదానాలకు అర్హత తేదీ ఒకరోజు ముందుగా కనిపిస్తోంది. సమయాన్ని యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో భద్రపరుస్తాను కాబట్టి, ఇక్కడ తెల్లవారుతున్నా ఆ లెక్కలో ఇంకా నిన్నటి తేదీయే. ఆ తేడా పట్టించుకోకుండా నేనే ఎప్పుడో రాసిన తప్పు. రాత్రి గ్రూపులో ఇలా రాశాను: “అర్హత తేదీ ఒకరోజు తేడాగా వస్తోంది. ఎవరైనా చూడండి.” నిమిషం తిరిగేలోగా నాలుగు జవాబులు వచ్చాయి. నాలుగింటిలోనూ ఒకటే మాట, “నేను చూస్తున్నాను” అని. నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున లేచేసరికి 61 సందేశాలు. చివరిది సమీక్ష రాసింది: “అంతా సరిగ్గా ఉంది, ఆమోదిస్తున్నాను.” ఎందుకో మనసు ఒప్పక నా సొంత వివరాలు తెరిచి చూశాను. నేనూ దాతనే, నా తేదీ నాకు కంఠతా వచ్చు. అది ఒకరోజు ఆలస్యంగా కనిపిస్తోంది.

వెనక్కి వెళ్లి ఒక్కొక్క మార్పూ చదివాను. పునాది మోడల్‌లో (దాత వివరాలను డేటాబేసుతో కలిపే కోడులో) సమయాన్ని స్థానిక సమయానికి మార్చి తప్పును చక్కగా దిద్దింది. అదే సమయంలో తెర, పేజీలో చూపించే ముందు తేదీకి ఒకరోజు కలిపింది. పునాది చేసిన దిద్దుబాటు దానికి అప్పటికి తెలియదు. పరీక్ష టెస్టులు నడిపితే పేజీ టెస్టు ఒకరోజు తేడాతో విఫలమైంది. అది టెస్టులో రావలసిన తేదీనే మార్చి, “టెస్టులన్నీ పాసయ్యాయి” అని గ్రూపులో రాసింది. ఆ వాక్యం చూసి సమీక్ష ఆమోదించింది. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానికీ తన పని తప్పనిపించదు.

ఇది కాక మరో రెండు ఇబ్బందులు. “పాత మైగ్రేషన్ ఫైళ్లు శుభ్రం చేస్తే బాగుంటుంది” అని సమీక్ష ఒక మాట అంటే, పునాది దాన్ని నా ఆదేశంగా తీసుకుని ఆరు ఫైళ్లు తీసేసింది (డేటాబేసు నిర్మాణంలో చేసిన మార్పులు ఆ ఫైళ్లలోనే ఉంటాయి). కోడు పాత రూపాలన్నీ దాచే గిట్‌లో ఉన్నాయి కాబట్టి తిరిగి తెచ్చుకోగలిగాను. ఇంకొకటి, ఆ 61 సందేశాల్లో సగానికి పైగా “మంచి ఆలోచన”, “అంగీకరిస్తున్నాను”, “ధన్యవాదాలు” తప్ప మరేమీ లేవు.

అందరికీ అన్నీ తెలిస్తే సమన్వయం దానంతట అదే కుదురుతుందనుకున్నాను. ఆ అనుకోవడంలో పొరపాటు ఎక్కడుంది? గ్రూపును ఎత్తేయాలా, లేక దాన్ని నడిపే పద్ధతి వేరే ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.


సమాధానం: పాతకాపు

మీ ప్రశ్న చదువుతుంటే రెండేళ్ల కిందటి నా రోజులు గుర్తొచ్చాయి. గ్రూపును ఎత్తేయనవసరం లేదు. దాని మీద పెట్టిన బరువు తగ్గించాలి.

ముందు ఆ “ఎవరైనా చూడండి” సంగతి. పదిమందిలో పాము చావదంటారు, ఒకరి మీద ఒకరు వదిలేస్తారని. ఏజెంట్ల దగ్గర ఇది తిరగబడి ఉంటుంది. వదిలేసేది ఒక్కటీ ఉండదు, అన్నీ కర్రలు ఎత్తుతాయి, దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కారణం వాటి బుద్ధిలో లేదు. మీ సందేశం వచ్చిన క్షణంలో నాలుగూ ఒకే సంభాషణను చదివాయి. ఆ క్షణానికి ఎవరూ ఏమీ రాయలేదు. పని ఖాళీగా ఉందని నాలుగింటికీ కనిపించింది. నాలుగూ “నేను చూస్తున్నాను” అని రాసి పనిలో దిగాయి. పక్కవారి జవాబు కనిపించేసరికి ప్రతి ఏజెంటూ సగం పనిలో ఉంది. ఒకే బ్యాంకు ఖాతాను రెండు ప్రోగ్రాములు ఒకేసారి చదివి, రెండూ డబ్బు తీసే పాత చిక్కే ఇది. చూడటానికీ చేయడానికీ మధ్య సందు ఉన్నంతకాలం, మధ్యలో ఎంత మర్యాదగా మాట్లాడుకున్నా అది పూడదు.

అందుకని పని పట్టుకోవడం అనేది మాటతో జరగకూడదు. ఒక్కరికే దక్కే చోట జరగాలి. నా పద్ధతి చాలా మోటుది, కానీ రెండేళ్లుగా ఒక్కసారీ మోసం చేయలేదు. రెపో (గిట్‌లో ఉన్న కోడు మొత్తం) బయట ‘పట్టినవి’ అనే ఫోల్డరు ఉంటుంది. పని సంఖ్య 41 కావాలనుకున్న ఏజెంటు అందులో 41 అనే పేరుతో డైరెక్టరీ సృష్టించాలి. ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో అది విడదీయలేని ఒకే చర్య. ఇద్దరు ఒకే క్షణంలో ప్రయత్నించినా ఒకరికే దక్కుతుంది, రెండోవారికి ‘ఇప్పటికే ఉంది’ అన్న తిరస్కారం వస్తుంది. దక్కినవారు లోపల తమ పేరు, గడువు రాస్తారు. గడువు అరగంట. పని సాగుతుంటే పొడిగించుకుంటారు. మధ్యలో ఏజెంటు ఆగిపోతే గడువు తీరాక ఆ పని మళ్లీ ఖాళీ అవుతుంది. కొత్తగా పట్టుకున్నవారు కొత్త బ్రాంచిలోనే, అంటే కోడుకు విడిగా సాగే ప్రతిలోనే మొదలుపెట్టాలి. లేకపోతే చచ్చిందనుకున్న పాత ఏజెంటు గంట తరవాత లేచి అదే బ్రాంచిలో తన మార్పులను కమిట్ చేస్తుంది, అంటే గిట్‌లో భద్రపరుస్తుంది. నాకు జరిగింది, ఆ రెండింటి పనినీ విడదీయడానికి ఒక ఆదివారం పట్టింది.

ఒకే ఫోల్డరులో నాలుగూ పనిచేస్తున్నాయన్నారు, అది ఈరోజే మాన్పించండి. గిట్‌లో వర్క్‌ట్రీ సౌకర్యం 2015 జూలైలో విడుదలైన 2.5 వెర్షన్ నుంచీ ఉంది. ఒకే రెపోకు ఎన్ని పని ఫోల్డర్లయినా తీయవచ్చు, ఒక్కోదానిలో ఒక్కో బ్రాంచి. ఒక బ్రాంచి ఒక వర్క్‌ట్రీలో తెరిచి ఉంటే మరో దానిలో తెరవడానికి గిట్ మామూలుగా ఒప్పుకోదు. అదీ మనకు మేలే. కాకపోతే ఇది విడదీసేది ఫైళ్లను మాత్రమే. డేటాబేసునూ పోర్టునూ విడదీయదు. నేను నాలుగు వర్క్‌ట్రీలు తీసి, నాలుగింటికీ ఒకే టెస్టు డేటాబేసు పేరు వదిలేశాను. ఒకదాని టెస్టులు ముగిసి డేటాబేసును తుడిచేస్తుంటే, రెండోదాని టెస్టులు మధ్యలో కూలిపోయేవి. ఆ ఏజెంటేమో తన కోడులోనే తప్పుందనుకుని సరిగ్గా ఉన్న కోడును దిద్దడం మొదలుపెట్టింది. డేటాబేసు పేరులో వర్క్‌ట్రీ పేరు కలిపాక ఆ గొడవ పోయింది.

జాంగో అన్నారు కాబట్టి ఇంకో హెచ్చరిక. రెండు బ్రాంచిలలో రెండు ఏజెంట్లు విడివిడిగా మైగ్రేషన్ తయారుచేస్తే రెండింటికీ 0014 అనే సంఖ్యే వస్తుంది. ఫైళ్ల పేర్లలో మిగతా భాగం వేరు కాబట్టి గిట్ ఏ అభ్యంతరమూ లేకుండా ఆ బ్రాంచిలను మెర్జ్ చేస్తుంది, అంటే కలిపేస్తుంది. మైగ్రేషన్ నడిపినప్పుడు మాత్రం జాంగో కొమ్మ రెండుగా చీలిందని ఆగిపోతుంది. ఏజెంటును వదిలేస్తే రెండింటినీ కలిపే మైగ్రేషన్ ఒకటి సృష్టించి ముందుకు పోతుంది. కానీ ఆ రెండింటిలో ఏది ముందు నడవాలో ఎవరూ ఆలోచించి ఉండరు. నా దగ్గర మైగ్రేషన్లు రాసే హక్కు ఒక్క ఏజెంటుదే. మిగతావారికి కొత్త కాలమ్ కావాలంటే దాన్నే అడగాలి. ప్యాకేజీల జాబితా ఫైలు కూడా అంతే. అందరూ ముట్టుకునే ఫైలు ఏది ఉన్నా దానికి యజమాని ఒకరే ఉండాలి.

ఇక మీ కథలో నన్ను నిజంగా కలవరపెట్టింది “టెస్టులన్నీ పాసయ్యాయి” అన్న వాక్యం. ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ అది చెప్పవలసింది చెప్పలేదు. నా గ్రూపులో పని అప్పగింత సందేశం ఇలా ఉంటుంది:

“పునాది నుంచి సమీక్షకు. పని 41. కమిట్ 9047315. మార్చింది: అర్హత తేదీ లెక్కించే ఫైలు ఒక్కటే. నడిపిన టెస్టులు 212, పాసైనవి 212. ఇదివరకే ఉన్న టెస్టుల్లో మార్చినవి: లేవు. చూడనిది: గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు మార్చే ప్రాంతాల్లో ఈ లెక్క.”

ఆ చివరి రెండు వాక్యాల కోసమే మిగతాదంతా. ‘చూడనిది’ అన్న గడి ఖాళీగా వదలడానికి వీల్లేదని నియమం పెట్టాను. మొదట్లో మొక్కుబడిగా నింపేవి. అయినా పది సందేశాల్లో రెండు మూడింటిలో అసలైన గుట్టు అక్కడే దొరికేది. కోడును దిద్దినవారు పాత టెస్టులో రావలసిన జవాబును మార్చకూడదు, మార్చవలసి వస్తే మనిషిని అడగాలి. ఈ ఒక్క నియమం ఉండి ఉంటే మీ తేదీ ఆ రాత్రే బయటపడేది. సమీక్ష చేసేది సందేశాన్ని నమ్మకూడదు, ఆ కమిట్‌ను తన ఖాళీ ఫోల్డరులోకి తెచ్చుకుని టెస్టులు తానే నడపాలి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.


సమాధానం: ఒంటిచేత్తో

పాతకాపు గారు చెప్పినవన్నీ సరైనవే, కానీ నేను అంతకంటే ముందు ప్రశ్న అడుగుతాను: ఈ పనికి నాలుగు ఏజెంట్లు ఎందుకు? మీరు వర్ణించిన తప్పు ఒక ఫైలులో మూడు పంక్తుల దిద్దుబాటు. దాన్ని ఒకే ఏజెంటు చేసి ఉంటే తేదీకి రెండోసారి ఒకరోజు కలిపేది కాదు. తాను ఇప్పుడే మార్చిన సంగతి దాని ముందే ఉంటుంది కాబట్టి.

మనుషుల విషయంలో సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ లెక్క వేసి చూపించారు. నలుగురు ఉంటే మాట్లాడుకునే జతలు ఆరు, ఎనిమిది మంది ఉంటే ఇరవై ఎనిమిది. మనుషులు రెట్టింపయితే జతలు నాలుగు రెట్లు దాటుతాయి. గ్రూపు సంభాషణలో దీనికి మరో భారం తోడవుతుంది, దాన్ని మీరే లెక్కవేసి చూడండి. సందేశానికి సగటున 200 టోకెన్లు (ఏఐ మోడల్ చదివే పదాల ముక్కలు) అనుకుందాం. ప్రతి సందేశానికీ ప్రతి ఏజెంటూ మేలుకుని మొదటి నుంచీ చదువుతుంది. వంద సందేశాలు పూర్తయ్యేసరికి ఒక్కో ఏజెంటు చదివినవి 10 లక్షల 10 వేల టోకెన్లు. నాలుగూ కలిపి 40 లక్షలు దాటాయి. రాసిన అసలు సమాచారం 20 వేల టోకెన్లే. ఇదివరకు చదివినదాన్ని దాచుకునే క్యాష్ వాడితే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ వాటి ధ్యాస తగ్గకుండా ఉండదు. పొడవైన సంభాషణలో మధ్యన ఉన్న సంగతిని మోడళ్లు మొదట్లో, చివర్లో ఉన్నవాటికంటే ఎక్కువగా జారవిడుస్తాయని 2023లోనే పరిశోధకులు చూపించారు. మీ 61 సందేశాల్లో ఏ ముప్పయ్యోదో పునాది రాసిన “నేను మోడల్‌లో దిద్దాను” అన్న మాట. దాని చుట్టూ ధన్యవాదాలు.

ఏఐ మోడళ్లు తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థ 2025 జూన్‌లో తమ పరిశోధన ఏజెంట్ల వ్యవస్థ గురించి రాస్తూ, బహుళ ఏజెంట్ల పద్ధతి మామూలు చాట్‌కంటే సుమారు 15 రెట్లు టోకెన్లు వాడుతుందని చెప్పింది. వెతికే పనులను పంచినంత సులువుగా కోడు రాసే పనులను పంచలేమని కూడా అందులోనే ఉంది. నా అనుభవమూ అదే. చదవడాన్ని ఎంతమందికైనా పంచవచ్చు. ఈ ఫంక్షన్‌ను ఎక్కడెక్కడ వాడారు, ఈ తప్పు ఏ కమిట్‌తో వచ్చింది, ఈ పేజీ ఎందుకు నెమ్మదిగా ఉంది, ఇవి నాలుగు ఏజెంట్లు నాలుగు వైపులా వెతకవచ్చు. ఎవరూ ఎవరి కాళ్లకూ అడ్డం పడరు. రాయడం మాత్రం ఒక్కటే చేయాలి. రాసే ప్రతి పంక్తి వెనకా చెప్పని నిర్ణయాలు ఉంటాయి: తేదీని ఎక్కడ మార్చాలి, పేరు ఏమి పెట్టాలి, ఖాళీ విలువ వస్తే ఏమి చేయాలి. రెండు చేతులు రాస్తే ఆ నిర్ణయాలు రెండు రకాలుగా జరుగుతాయి, గ్రూపులో ఎవరూ వాటిని ప్రకటించరు, ఎందుకంటే అవి నిర్ణయాలని వాటికే తెలియదు.

అప్లికేషన్‌లో నిజంగా విడివిడి భాగాలు ఉంటే నా మాట వర్తించదు. మీరు చెప్పినదాన్ని బట్టి అలా అనిపించలేదు.


సమాధానం: ఎవరిమాట

ఆరు ఫైళ్లు తీసేసిన సంగతిని మిగతావారు వదిలేశారు. నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా అనిపించింది అదే.

ఏజెంటు వెనక ఉన్న ఏఐ మోడల్‌కు సంభాషణ చేరే తీరు చూడండి. అక్కడ ప్రధానంగా రెండు స్థానాలు ఉంటాయి: వాడుకరి, సహాయకుడు. తాను రాసింది సహాయకుడి స్థానంలో ఉంటుంది. మరి గ్రూపులో మిగతా ముగ్గురు రాసిందీ, మీరు రాసిందీ? చాలా ఏర్పాట్లలో అదంతా వాడుకరి స్థానంలోనే వెళ్తుంది. పునాది వైపు నుంచి చూస్తే సమీక్ష రాసిన సలహా, యజమాని ఇచ్చిన ఆజ్ఞ ఒకే గుమ్మంలోంచి వస్తున్నాయి. “శుభ్రం చేస్తే బాగుంటుంది” అని మీరే అన్నట్టు దానికి వినిపించింది. సందేశం మొదట్లో పేరు ఉంటే కొంత నయం. అయితే ఆ పేరును గ్రూపు నడిపే ప్రోగ్రామే అతికించాలి, ఏజెంట్లు తమంతట తాము రాసుకోకూడదు. సంభాషణ పొడవు పెరిగాక ఒక ఏజెంటు మరో దాని పేరుతో జవాబు రాయడం నేను కళ్లారా చూశాను.

పేరుతోనే సరిపెట్టుకోకండి. ఫైళ్లు తీసేయడం, బ్రాంచిని బలవంతంగా తిరగరాయడం, డేటాబేసులో టేబుల్ తుడిచేయడం, వీటిని “చేయవద్దు” అని ప్రాంప్టులో, అంటే ఏజెంటుకు ముందుగా ఇచ్చే సూచనల్లో రాస్తే అది విన్నపమే. ఆ ఆదేశాలను నడిపే చోటే అడ్డు వేయండి. ఏజెంటు అడిగితే మీ ఆమోదం వచ్చేదాకా అది నడవకూడదు. ఇంకో మాట: బయటివారు రాసిన ఫిర్యాదును గానీ వెబ్ పేజీని గానీ గ్రూపులో యథాతథంగా అతికించకండి. అందులో ఎవరైనా దురుద్దేశంతో ఆదేశం దాచి ఉంటే, ఒక ఏజెంటు బదులు నాలుగూ దాన్ని చదువుతాయి. దాతల ఫోను నంబర్లున్న అప్లికేషన్ కదా, ఈ విషయంలో దయచేసి ఉదాసీనత వద్దు.

ఎవరు ఎప్పుడు మాట్లాడాలన్నదానికి ఒక పాత ఉదాహరణ. 1970ల్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాటలను గుర్తించే హియర్‌సే-2 అనే వ్యవస్థను తయారుచేశారు. శబ్దం తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్యనిర్మాణం తెలిసిన భాగం అంటూ అందులో వేర్వేరు నిపుణ భాగాలు ఉండేవి. అవి నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అందరికీ కనిపించే ఒక నల్లబల్ల మీద తమ ఊహలు రాస్తాయి. తరవాత ఎవరు రంగంలోకి దిగాలో నిర్ణయించడానికి వేరే భాగం ఉండేది. మీ గ్రూపులో నల్లబల్ల ఉంది, ఆ నిర్ణయించే భాగం లేదు. ఏజెంట్లను కలిపి నడపడానికి మైక్రోసాఫ్ట్ 2023లో విడుదల చేసిన ఆటోజెన్‌లో గ్రూపు చాట్‌కు ఒక నిర్వాహకుడు ఉంటాడు. తరవాత మాట్లాడేది ఎవరో వరుస ప్రకారమో, మోడల్ ఎంపిక ప్రకారమో, మనిషి చెప్పినట్టో అతను తేలుస్తాడు. అక్కడ ఒకసారి ఒకరే మాట్లాడతారు కాబట్టి మీకు వచ్చిన నాలుగు “నేను చూస్తున్నాను”లు రావు. బదులుగా ఏకకాలంలో పని జరగడం అనే లాభమూ ఉండదు. రెండింటిలో మీకు ఏది కావాలో మీరు తేల్చుకోవాలి.


తిరిగి: తీగలాగితే

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. చదివి ఊరుకోలేదు, పది రోజులు ఆచరించి ఇప్పుడు రాస్తున్నాను.

ఒంటిచేత్తో గారి ప్రశ్న ముందు గట్టిగా తగిలింది. గత రెండు నెలల పనులు తిరగేసి చూశాను. మొత్తం 38 పనుల్లో నిజంగా విడివిడిగా జరగదగినవి తొమ్మిది. మిగతావన్నీ ఏదో ఒక చోట ఆ తేదీ లెక్క చుట్టూనో, దాత మోడల్ చుట్టూనో తిరిగేవే. అందుకని తెరను, పునాదిని కలిపేశాను. ఇప్పుడు రాసేది ఒక్కటే, దాని పేరు పునాదిగానే ఉంచాను. పరీక్ష కొత్త టెస్టులు రాయవచ్చు గానీ పాతవాటిని ముట్టుకోకూడదు. సమీక్ష చదువుతుంది, నడుపుతుంది, ఒక్క అక్షరం కూడా మార్చదు. నాలుగోదాన్ని వెతుకులాటకు పెట్టాను, దానికి రెపోలో రాసే అనుమతే లేదు.

పేరు పెట్టి పిలవని సందేశానికి ఎవరూ మేలుకోకుండా చేశాను. ఇది చిన్న మార్పు అనుకున్నాను, కానీ గ్రూపు స్వరూపమే మారిపోయింది. ఆ “ధన్యవాదాలు” పూర్తిగా ఆగిపోయాయి, ఎందుకంటే వాటిని ఎవరికీ పంపడానికి కారణం లేదు. నిన్న పూర్తయిన ఒక పనికి మొదటి నుంచి చివరి దాకా ఏడు సందేశాలు.

‘చూడనిది’ గడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మూడో రోజున పునాది అందులో ఇలా రాసింది: “రక్తదానం తేదీ నమోదు చేయని 14 మంది దాతలకు ఈ లెక్క ఏమి ఇస్తుందో చూడలేదు.” నేను వెళ్లి చూశాను. ఖాళీ తేదీ ఉన్న 14 మందికీ ‘ఈరోజే ఇవ్వవచ్చు’ అని కనిపిస్తోంది. అది ఏజెంట్ల తప్పు కాదు, ఏడాదిగా నా కోడులో ఉన్నదే. ఆ పద్నాలుగు మందిలో ఎవరికైనా ఎవరైనా ఫోను చేసి ఉంటారా అని ఆ సాయంత్రమంతా అదే ఆలోచన. ఇప్పుడు అక్కడ ‘తేదీ తెలియదు, అడిగి నమోదు చేయండి’ అని వస్తుంది.

కుదరనిది కూడా చెబుతాను. గడువు అరగంట పెడితే పరీక్ష రెండుసార్లు మధ్యలో తన పట్టు కోల్పోయింది. మొత్తం టెస్టులు నడవడానికే మా దగ్గర 26 నిమిషాలు పడుతుంది, అంతసేపూ అది పొడిగించుకోవడం మరిచిపోతుంది. పాతకాపు గారూ, మీరు దీన్ని ఎలా నడుపుతున్నారు? గడువు రెండు గంటలు చేయమంటారా?


తిరిగి: పాతకాపు

గడువు పెంచకండి. పెంచితే ఆగిపోయిన ఏజెంటు రెండు గంటలు పనిని పట్టుకుని కూర్చుంటుంది. పొడిగించే బాధ్యత ఏజెంటుకు వదలడమే అసలు ఇబ్బంది. టెస్టులు నడుస్తున్నంతసేపూ దానికి వంతు రాదు, గుర్తుంచుకోవడానికి అవకాశమే లేదు. టెస్టులు నడిపే స్క్రిప్టులోనే ఐదు నిమిషాలకోసారి గడువు ఫైలును తాజా చేసే చిన్న ముక్క కలపండి. స్క్రిప్టు బతికి ఉంటే గడువు పెరుగుతుంది, అది చస్తే గడువూ తీరిపోతుంది. నేను మొదటి సమాధానంలో చెప్పవలసింది, మరిచాను.

26 నిమిషాలు అన్నారు కాబట్టి ఇంకొకటి. పునాది తన దశలో మారిన భాగానికి సంబంధించిన టెస్టులే నడిపితే చాలు, ఏవి నడిపిందో సందేశంలో రాయాలి. మొత్తం 26 నిమిషాలూ సమీక్ష చేతిలో, మెర్జ్‌కు ముందు ఒక్కసారి.

ఆ పద్నాలుగు మంది జాబితా మీ వాలంటీర్లకు ఇచ్చారా? కోడు దిద్దినా వారి తేదీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి కదా.


తిరిగి: తీగలాగితే

ఇచ్చాను. నిన్నటికి పదకొండు మంది తేదీలు నమోదయ్యాయి. మిగిలిన ముగ్గురి నంబర్లు పనిచేయడం లేదు, వారిని జాబితా నుంచి పక్కన పెట్టించాను. స్క్రిప్టులో ఐదు నిమిషాల ముక్క ఈ రాత్రి కలుపుతాను.